ఎడమ చెయ్యి అడ్డం

మార్కాపురంలో పుట్టినదాన్ని.
రాసింది తుడిచెయ్యొచ్చునని
అక్షరాలకంటే ముందే తెలుసు నాకు.
కాస్త ఉమ్మి తడి, లంగా అంచు,
అంతే.
తప్పు లెక్కా, తిట్టిన బూతూ, ఒకసారి ఒక పిల్లోడి పేరూ.

కొత్త కుట్టుమిషను వచ్చిన రోజు
కొట్టు ముందు నిలబడి ఫోటో పెట్టాను.
నూటా పన్నెండు మంది బాగుందన్నారు.
ఇంకొకడు విడిగా రాశాడు:
"కంభం రోడ్డులో నీలం షట్టరు మీదేగా.
శుక్రవారం మధ్యాన్నం గంటసేపు మూస్తారు.
మీ చెల్లెలు ఐదింటి బస్సుకి దిగుతుంది."

ఇవేవీ నేను చెప్పలేదు.
నా వెనక గోడ చెప్పింది.
రంజానుకి పెట్టిన ఫోటో, షంషాద్ కాలేజీ బ్యాడ్జీ,
తలా ఒక ముక్క అందించాయి వాడికి,
పందిరికి రాటలందించినట్టు.

వాణ్ణి బ్లాకు చేసి
ఆ రాత్రి సెట్టింగులన్నీ విప్పాను,
బిగుతైన జాకెట్టు కుట్లు విప్పినట్టు.
ఎవరు చూడొచ్చు? అందరూ.
నంబరుతో ఎవరు వెతకొచ్చు? అందరూ.
ఎవరు పెట్టారీ టిక్కులు?
నీ వేలే, అంటుంది ఫోను.
తీసెయ్యమన్నాను.
నిజంగానా, అనడిగింది.
నిజంగానే.
అయితే ముప్పై రోజులు ఆగమంది.

పలక ఎప్పుడైనా ఇట్లా అడిగిందా అమ్మా, అన్నాను.
అమ్మ చేట కింద పెట్టి
"పలక సంగతి మీ నాయన్నడగాల్సింది" అంది.

నాయన ఇరవైరెండేళ్ళు పలకలు కోశాడు.
సాయంత్రానికి కనుబొమలు కూడా బూడిదరంగు.
మేం తుడుచుకు పోయామనుకున్నదంతా
ఆయన రొమ్ములో చేరి గట్టిపడింది.
ఒంగోలు డాక్టరు ఎక్స్‌రే దీపానికి పెట్టి చూపించాడు,
నల్ల పలక మీద సుద్దపొడి చల్లినట్టు.
ఆ దగ్గుకి మందేమన్నా ఉందేమోనని
ఒకే ఒక్కసారి ఫోనులో వెతికాను.
నాయన పోయి రెండేళ్ళు.
ఇంకా ఆక్సిజన్ మిషను చూపిస్తానే ఉంది నాకు,
తగ్గింపు ధరకి.

స్టేషన్లో కాగితం ఇచ్చాను.
నా నంబరు, ఆధారు, ఇంటి గుర్తులు
అన్నీ పెద్దగా చదివి రాసుకున్నారు,
బెంచీ మీది నలుగురూ విన్నారు.
షట్టరుకి పచ్చరంగు వేయించాను.

నిన్న అక్క కూతురు, రెండో తరగతి,
అటక మీది ఫ్యాక్టరీ పలక దించుకుని
గడపలో కూర్చుని రాస్తా ఉంది.
ముద్దొచ్చి ఫోను తీశాను.
"ఫోటో తియ్యనా సాజిదా?"
తల ఎత్తలేదు.
ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఫోను బోర్లా పెట్టాను.
ఏం రాసిందో నాకు తెలీదు.