నిలబడ్డ గది

మిర్చి యార్డు వెనక మూడో అంతస్తు.
కిటికీలన్నీ మూసినా ఘాటు ఎలాగో లోపలికొస్తుంది.
కీబోర్డు మీద తుమ్మి, తుడిచి,
మళ్ళీ మొదలుపెడతాను.

ఒకే ఫైలు. అందులో పద్దెనిమిది వందల నలభై హిస్టోగ్రాములు,
తేమవి, రంగువి, కాయ పొడుగువి.
అన్నిటికీ నేనే పెట్టిన పేరు: హెచ్.
హెచ్ ఒకటి, హెచ్ రెండు, హెచ్ నలభై.
ఒకే క్లాసులో నలభై మంది మస్తాన్లు,
హాజరు పిలిస్తే అందరూ లేచి నుంచుంటారు.

కోల్డ్ స్టోరేజీలో ఏసోబు మేస్త్రి కాగితం చూడడు.
"మూడో ఛాంబరు, రెండో అటక, గోడవార,
ఆకుపచ్చ దారంతో కుట్టిన మూతి" అంటాడు.
లైటు లేకుండానే వెళ్ళి
అదే బస్తా భుజాన వేసుకొస్తాడు,
కనుబొమల మీద మంచు.

అది చూసొచ్చి నేనూ గదులు కట్టాను.
ఊరికో డైరెక్టరీ,
ఊరి లోపల రకం, రకం లోపల కోత.
పెదకూరపాడు, తేజ, రెండో కోత.
తాలుక్కూడా ఒక గది ఇచ్చాను,
తెల్లబోయిన కాయకి మాత్రం లెక్కుండదా?

గది కట్టడం వేరు, గదిలో నిలబడటం వేరు.
మనం ఎక్కడుంటే
కొత్త బొమ్మ అక్కడే పుడుతుంది.
ఎవరి తాలూకని అడగదు.

ఫిబ్రవరిలో అకాల వాన కురిసిన మర్నాడు
"తడిసినవి" అనే గదిలోకి వెళ్ళాను.
ఫోనొచ్చింది. మాట్లాడుతూనే
తర్వాతి లాటు నడిపించాను,
గడప దాటి బయటికి రాకుండా.

ఆ లాటు క్రోసూరు సువార్తమ్మది.
గలగలమనే కాయ.
పది శాతం తేమ దగ్గర ఒకటే మూపురం,
సన్నగా, నిటారుగా.
రిపోర్టు గది పేరు చదివింది, బొమ్మని చూడలేదు.
కమిషన్ కొట్లో క్వింటాకి పదకొండు వందలు తెగ్గోశారు.

ఆమె గుప్పెడు కాయ తీసి
గుమస్తా చెవి దగ్గర ఆడించిందట.
"మిషను చెప్పిందమ్మా" అన్నాడట అతను.

మూడు వారాలకి కంటబడింది,
వాన బొమ్మల మధ్య ఒక్క పొడి బొమ్మ.
సరైన గదికి మార్చాను. ఒక్క లైను పని.
కొట్టుకి ఫోన్ చేస్తే
ఆ సరుకు ఎప్పుడో లారీ ఎక్కిందన్నారు.

ఏసోబుకి చెప్పాను.
తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.
"బస్తా దించాక తలుపు దాకా రావాలమ్మా.
వచ్చి, మళ్ళీ లోపలికి పోవాలి.
నడక కలిసొస్తుందని లోపల్లోపలే తిరిగితే
ఆ చీకట్లో అన్నీ ఒకటే గది."

ఇప్పుడు ప్రతి లాటు తర్వాత ఒక లైను రాస్తున్నాను:
మొదటికి రా.
ప్రోగ్రాం నెమ్మదించిందని మా సారు అడిగాడు.
నిజంగానే తుమ్మొచ్చింది, జవాబు తప్పింది.

క్రోసూరు గదిలో ఈ ఏడాదికి ఒకటే బొమ్మ.
సువార్తమ్మ మళ్ళీ మా యార్డుకి రాలేదు,
ఖమ్మం తోలుకుపోయిందని ఎవరో అన్నారు.
సాయంత్రం ఫైలు మూసే ముందు
ఆ గదిలోకి ఒకసారి వెళ్ళి,
ఏమీ రాయకుండా
బయటికొస్తాను.