అంకె చిన్నదైతే

"చవకది చాల్లే" అన్నాడు వాండర్లేయ్,
అరువు ఆంప్లిఫయర్ని ఒళ్ళో పెట్టుకుని.

జెనివాల్ ఉలకలేదు, పలకలేదు.
బ్యాటరీ నుంచి డిక్కీ దాకా
పురికొస పట్టి కొలిచాడు:
ఐదు మీటర్లు, పైన జానెడు.
చవక తీగను చాకుతో గీకాడు.
రాగిపూత కింద
అల్యూమినియం తెల్లగా పళ్ళికిలించింది.

ఈ లెక్కే తిరకాసు.
అంకె చిన్నదైతే తీగ లావు.
ఎనిమిదో నంబరు అడిగినవాడికి
నాలుగు ఇచ్చి
రెట్టింపు పుచ్చుకున్నాడు ముసలాయన.
ఫ్యూజు మాత్రం ఊరికే బిగించాడు,
బ్యాటరీ పక్కనే.

ఆ రాత్రి కాంపీనా గ్రాండీలో,
జూన్ నెగళ్ళ పొగలో,
వీధి వీధంతా దద్దరిల్లింది.
దెబ్బ దెబ్బకీ కన్నుకొట్టే హెడ్‌లైట్లు
రెప్ప వేయలేదు.

అందరూ ఆడుతుంటే
వాండర్లేయ్ ఒక్కడూ వంగి
మ్యాటు ఎత్తి
తీగ మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

జ్వరం లేదు.