షెడ్డుకొస్తే రాని శబ్దం

రాత్రి రెండింటికి
ఎడమ పిక్కలో ఇంజను స్టార్టవుతుంది.
బండి కదలదు. తెల్లారేదాకా
అలా ఐడ్లింగులోనే.

టార్చి వేసి చూస్తాను.
చర్మం కింద ఏదో పురుగు
చోటు సర్దుకుంటున్నట్టు.
ధనకుమారి అరచెయ్యి ఆనించగానే ఆగిపోతుంది.
"ఏదీ?" అంటుంది, నిద్రలోనే.

కుడికన్ను అదిరితే మంచిదని అమ్మ చెప్పేది.
పిక్క అదిరితే ఏమిటో
అడగకముందే పోయింది.

సూర్యారావుపేటలో వేళ్ళకి తీగలు చుట్టి
కరెంటు వదిలారు.
పిక్కలోకి సూది దించినంతసేపూ
పిక్క కిమ్మనలేదు.
మెడపూసల మధ్య నరం కాస్త నొక్కుకుందట.
కానీ దానికీ దీనికీ పొత్తు కుదరదట.
"పెద్దగా ఏం లేదండీ, చూద్దాం."
ఆటోనగర్‌లో ఇరవయ్యారేళ్ళుగా
నేనంటున్న మాటే.

చిటికెనవేలూ దాని పక్కదీ
ఎవరివో నా చేతికి తొడిగి వెళ్ళారు.
బోల్టుకి మర పట్టిందో లేదో
ఒకప్పుడు కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి.
మొన్న పదమూడో నంబరు స్పానరు
నేల మీద మోగాకే తెలిసింది జారిందని.
బాజీ తీసిచ్చాడు. ఏమీ అనలేదు.
వాడు అనకపోవడం దగ్గరే
మధ్యాహ్నందాకా కూర్చుండిపోయాను.

నాంచారయ్య గుర్తొచ్చాడు.
గుడివాడ వడ్లలారీ. మూడుసార్లొచ్చాడు.
"కంకిపాడు దాటాక వస్తందయ్యా శబ్దం,
లోడు మీదే, అదీ సన్నగా."
షెడ్డులో స్టార్ట్ చేస్తే ఏమీ లేదు.
"నీ చెవుల్లో ఉందిలే" అన్నాను.
కుర్రాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.
నాలుగోసారి రాలేదు.

ఇవాళ ఎనికేపాడు నుంచి ఇటుకల బండి.
తోలేవాడికి మీసం కూడా సరిగ్గా రాలేదు.
"ఎప్పుడో ఒకసారి వణుకుద్దన్నా.
ఇప్పుడైతే లేదు."
బాజీ నా మొహంలోకి చూశాడు.
జాకీ దించమన్నాను.
ఎక్కి పక్కసీట్లో కూర్చుని
డాష్‌బోర్డు మీద మోచెయ్యి ఆనించాను,
వేళ్ళని నమ్మలేక.
"పోనివ్వు. అది వచ్చేదాకా పోనివ్వు."

బెంజి సర్కిల్ దాటాం. ఏమీ లేదు.
కుర్రాడు సిగ్గుపడుతున్నాడు,
అబద్ధం చెప్పి దొరికిపోయినట్టు.
ఆ సిగ్గు నాకు తెలుసు.
డాక్టరు ముందు ప్యాంటు పైకి మడిచి
రానిదాని కోసం చూస్తూ
నేను పడ్డదే.

వారధి మీద, కృష్ణ సగంలో,
వచ్చింది.
సన్నటి అదురు, సీటు కింద నుంచి.
"విన్నావాన్నా?"
బండిదో, నా కాలిదో
తేల్చుకోలేకపోయాను.

విన్నానన్నాను.