మూలలు

మూడో అంతస్తు, మూడువందల పద్నాలుగో గది.
ఇటు పన్నెండు అడుగులు, అటు పదకొండు.
దుల్గూన్ గోడ వెంట జానలు వేస్తూ కొలిచింది,
చివర్లో ఒక బెత్తెడు మిగిలితే
"ఇది నా చెప్పులకి" అంది.

నలుగురం. నాలుగు మంచాలు.
తలుపు సగమే తెరుచుకుంటుంది.
చలికోటు తొడుక్కుని ఎవరూ తిన్నగా లోపలికి రాలేరు,
పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి,
సూదిలోకి దారంలా రావాలి.

నేను పుట్టింది గెర్‌లో.
ఉన్ని కంబళ్లు చుట్టిన గుండ్రటి ఇల్లు.
పొయ్యి నడిమధ్యన, గుమ్మం దక్షిణాన,
గరిటెకి కూడా దాని దిక్కు దానికుంటుంది.
అందులో మూలలుండవు.
అందుకే మా ఇంట్లో
ఏదీ మూలన పడలేదు ఎప్పుడూ.

ఉలాన్‌బాతర్ వచ్చాకే నాకంటూ ఒక మూల దొరికింది.
దాన్నేం చేసుకోవాలో తెలీక
మొదటి వారం బూట్లు పెట్టాను.
బూట్ల మీద పుస్తకాలు, పుస్తకాల మీద రైస్ కుక్కర్,
కుక్కర్ మీద అమ్మ ఇచ్చిన ఎండుపెరుగు సంచి.
ఎంత పెట్టినా మూలకి ఆకలి తీరదు.

మెల్లగా నేర్చుకున్నాం.
మంచం కోళ్ల కింద రెండేసి ఇటుకలు,
ఆ ఎత్తులోకి ట్రంకుపెట్టెలు.
తలుపు వెనక ఏడు మేకులు, పదకొండు కోట్లు.
కిటికీకి రెండు అద్దాలు, నడుమ జానెడు సందు,
అక్టోబరు నుంచి అదే మా ఫ్రిజ్:
గిన్నె ఆకారంలో గడ్డకట్టిన పాలు,
సొలోంగో వాళ్ల నాన్న పంపిన గుర్రపు పక్కటెముకలు.
వాటి సందుల్లోంచే మాకు రోజూ తెల్లారుతుంది.

ఉంద్రల్‌కి గుర్రం తల ఫిడేలు ఉంది.
రేడియేటర్ పక్కన పెడితే కర్ర పగులుతుంది,
కిటికీ పక్కన పెడితే శ్రుతి చెడుతుంది.
కాబట్టి గోడవైపు అది పడుకుంటుంది,
అంచున ఉంద్రల్.
రాత్రి దొర్లి కిందపడితే
"సారీ" అంటుంది నిద్రలోనే,
నేలకో, ఫిడేలుకో.

జనవరిలో ఒక రాత్రి పైపులు చల్లబడ్డాయి.
బయట మైనస్ ముప్పై ఎనిమిది.
మారుమాట లేకుండా నాలుగు మంచాలూ
గది నడుమకి లాగేశాం, ఒకదానికొకటి ఆనించి.
అన్ని దుప్పట్లూ ఒక్క దుప్పటి,
మధ్యలో ఫిడేలు, పసిపిల్లలా.
దుల్గూన్ లేచి చుట్టూ నడిచి చూసింది,
గోడ వెంబడి దారి!
మూడు నెలలుగా మేం వెతుకుతున్న జాగా
మా మంచాల వెనకే దాక్కుంది.
"గది గుండ్రమైంది" అన్నాను.
నవ్వారు. పొగలు పొగలుగా నవ్వారు.

మూడోనాటికి వేడి వచ్చింది.
ఇలాగే ఉంచేద్దాం అనుకున్నాం, నిజంగానే అనుకున్నాం.
ఐదోనాడు గణితం పరీక్ష ఫలితాలు.
సొలోంగో ఏమీ అనలేదు.
తన మంచాన్ని కిర్రుమంటూ లాక్కుపోయి
మూలకి చేర్చి, గోడవైపు తిరిగి పడుకుంది.
ఇటుకలు పెట్టడం కూడా మర్చిపోయింది.
మేం ముగ్గురం వీపులు తిప్పుకున్నాం,
మేం ఇవ్వగలిగిన జాగా అంతే.

ఆ రాత్రే తట్టింది నాకు
మూలల్లేని ఇంట్లో మా అమ్మ,
అంత చలిలో, అందరం పడుకున్నాక,
లెక్కపెట్టిన గొర్రెల్నే మళ్లీ లెక్కపెట్టడానికి
బయటికెందుకు వెళ్లేదో.