మెడ దగ్గర

పోయిన ఉగాదికి పద్దెనిమిది లచ్చలు.
ఎండలు ముదిరేసరికి పదహారున్నర.
ఇప్పుడు పద్నాలుగుకైనా ఇస్తాడంట.
బ్రోకర్ నాగశేషులు ఫోన్లో గుసగుసగా చెప్పె,
గట్టిగా అంటే గోడలు విని
ఇంకా దిగిపోతాయేమో అన్నట్టు.

"ఆగు ఉరుకుందమ్మా, ఇంకా పడతాది"
అంటాండ్రు యార్డులో అందరూ.
ఆగేది నాకు తెలీదా?
పన్నెండేండ్లుగా కర్నూలు మార్కెట్లో ఉల్లిగడ్డ ఏరుతాండా.
రేటు పడేటప్పుడు కొనేటోడు ఎట్ల నిలబడతాడో
వాని కాళ్లు చూస్తే చాలు నాకు:
ఒక కాలు చెప్పులో, ఒక కాలు బయట.
పళ్ల సందున పుల్ల.
కుప్ప దిక్కు చూడనే చూడడు.
పత్తికొండ నుంచి రాత్రంతా ట్రాక్టర్లో కూచోనొచ్చిన రైతు
వాని మొగమే చూస్తాంటాడు.

మొన్న ఆదివారం జోహరాపురం పోతిమి,
నేనూ, మా మద్దిలేటీ, ఆయప్ప ఆటోలోనే.
రెండు రూములు, వంటిల్లు, సెంటున్నర జాగా.
పైన రేకులు గాదు, స్లాబే.
కొళాయి దినం తప్పి దినం.
వెనక హంద్రి,
ఇప్పుడైతే కంపచెట్లూ, పందులూ, ఒక పాత సోఫా.
లోపల గోడకు నా భుజం ఎత్తున ఒక గీత.
సున్నం మీద సున్నం ఏసినా
మళ్లా మళ్లా పైకి తేలే గీత.
వరదొచ్చిన యేడు నీళ్లు అంతవరకు నిలబడినాయంట.
రిజిస్ట్రేషన్ కాయితాల్లో
నాలుగు దిక్కుల హద్దులూ రాస్తారు,
ఈ ఎత్తు మాత్రం రాయరు.

అలవాటు కొద్దీ బొటనేలు పెట్టి నొక్కితిని.
ఉల్లిగడ్డ కుళ్లేది మొదట మెడ దగ్గర.
పైపొర ఎంత మిలమిలలాడనీ,
అక్కడ నొక్కితే దాచుకోలేదు.
గోడ మెత్తబడలే. పెచ్చు రాలలే.
గోరు సందున కొంచెం ఉప్పు.

ఇంటాయన పేరు దస్తగిరి.
బైపాసు కాడ పంచర్ షాపు.
రెండేండ్ల కింద ఆయనకూ చెప్పిండ్రంట అందరూ:
"ఆగొద్దు, ఇంకా పెరుగుతాది."
నంద్యాల రోడ్డులో రంగురాళ్లు పాతిన చేను,
మూడు రూపాయల వడ్డీకి అప్పు.
ఆ రాళ్లను ఇప్పుడు అడిగే దిక్కు లేదు.
అందుకే ఉండే ఇల్లు అమ్ముతాండాడు.
ఇదంతా ఆయప్ప చెప్పలే.
ఆయన భార్య చెప్పె, స్టవ్ తుడుస్తా,
ఎవరిదో ఇంటి సంగతి చెప్పినట్టు.

మా బాడిగ నాలుగువేల ఐదు నూర్లు.
ఆరు నెలలు ఆగితే ఇరవై ఏడు వేలు
ఓనరమ్మ చేతిలో పోసినట్టే.
గోడకు మేకు కొట్టనీదు ఆయమ్మ,
క్యాలెండర్ను కిటికీ చువ్వకు కట్టుకున్న్యాం.
గాలొస్తే తేదీలన్నీ బయటికి ఎగురుతాయి.
ఆగితే ఇంకో అర లచ్చ తగ్గొచ్చు.
తగ్గకపోవచ్చు.
చిట్టీ దుడ్లు నాలుగు లచ్చలు, మిగతాది బ్యాంకులోను.
లోను కట్టే ఇరవై ఏండ్లలో
హంద్రి ఎన్నిసార్లు తిరిగి చూస్తాదో
ఏ మేనేజర్ లెక్క కట్టగలడు?

"సరే, ఆలోచించుకొని చెప్తాం" అని బయటికొచ్చి
గడప కాడ చెప్పులేసుకుంటాంటి.
దస్తగిరి ఏం మాట్లాడలే.
నా మొగమే చూస్తాండాడు.
ఎందుకో కిందికి చూసుకుంటి.

ఒక కాలు చెప్పులో.
ఒక కాలు బయట.

కడుపులో ఏదో కలుక్కుమనె.
అట్లని ఉన్నోళ్లం గాము,
జాలిపడి పద్నాలుగు ఇచ్చేదానికి.
యార్డులో ఏ షావుకారీ జాలితో కాటా ఎక్కించిండేది నేను చూడలే.
కానీ పాట ఎంతసేపు ఆపాలో,
ఎక్కడ ఆపితే అది బేరం గాక
గొంతు మీద కాలు అవుతాదో
ఏరేవాళ్లకు తెలిసినంత కొనేవాళ్లకు తెలీదు.

ఏసుకున్న చెప్పు కూడా విడిచి మళ్లా లోపలికి పోయి,
ఆ గీత కింద గోడకు ఆనుకొని కూచుంటి.
"పదమూడు ముప్పావు" అంటి.
"నెల లోపల రాయిద్దాం. మీరు ఇల్లు చూసుకునేదాకా
వాకిట్లో సామాను పెట్టుకోండి."
రేపు పదమూడుకు పడతాదేమో. పడనీ.

ఆయన భార్య స్టవ్ తుడిచేది ఆపె.
లోటాతో నీళ్లు తెచ్చిచ్చె.
తాగినా. కొంచెం చవుడు.

బయట మద్దిలేటి హారన్ కొడతాండాడు,
ఇంజను ఆపకుండా.