రంగులు అనే గడిలో

అనంతపురం మ్యూజియం, మూడో గది.
గోడకి ఆనించిన అద్దాల బీరువాలో
ఐదడుగుల నర్తకి.
మేక తోలు. వరస సంఖ్య నూట పద్నాలుగు.
కార్డు నింపడం నా పని.

"రంగులు" అని ఒక గడి ఉంది, బొటనవేలంత.
ఎరుపు, ఆకుపచ్చ, నలుపు అని రాశాను.
మళ్లీ చూస్తే ఎరుపు ఎరుపుగా లేదు,
నానబెట్టి మరిచిపోయిన చింతపండులా ఉంది.
పచ్చ, బస్టాండు దగ్గరి వేపాకు.
నలుపొక్కటే మాట మీద నిలబడింది.
నెత్తిమీద ట్యూబులైటు
అందరి ముఖాలకీ ఒకే సున్నం కొడుతోంది.
పాతబడితే ఇంతే కదా అనుకుని
పక్కన పెన్సిలుతో "వెలిసినవి" అని చేర్చాను.

నిమ్మలకుంట నుంచి సిందే గోవిందవ్వను పిలిపించారు
బొమ్మల పేర్లు చెప్పడానికి.
రానూపోనూ బస్సు చార్జీ, ఒక భోజనం.
ఆమె బొమ్మకు ఎదురుగా నిలబడలేదు.
పక్కకు పోయి, బీరువాకీ గోడకీ మధ్య సందులో
చెంప ఆనించి తొంగి చూసింది.
"దీపం యాడ పెడతారు సామీ?"

దీపం లేదవ్వా, ఇది మ్యూజియం.

"అట్లయితే ఆడించేటోళ్లు చూసేది చూస్తాండారు మీరు.
జనం చూసేది అవతల."

ఎడమ చేతి ఎరుపు వేరేగా ఉందే అన్నాను,
కనిపెట్టినందుకు కాస్త గర్వంగానే.
"వానల్లేని ఏడు ఎలుక కొరికింది.
ధర్మవరంలో పట్టుకు రంగద్దే ఓబన్న
బాన అడుగున మిగిలింది చెంబుడు పోసిచ్చె.
అది చీర ఎరుపు.
ఒంటిది మాయమ్మ కాచిన లక్క.
ఎన్నూర్లు తిరిగినా ఎవురూ పట్టలా.
దీపం ముందర రెండూ ఒగటే."

ఎరుపులు రెండు, అని గడిలో ఇరికించాను.
మరి తెలుపు?
మెడలో హారం, నడుముకు వడ్డాణం, ముక్కుపుడక,
వాటన్నిట్లోంచీ ఇప్పుడు
బీరువా వెనక ప్లైవుడ్డు కనిపిస్తోంది.

"తెలుపు మేం పుయ్యలా నాయనా. పొడిచినాం.
చుక్క చుక్కకీ ఉలి పెట్టి.
నగలన్నీ బొక్కలే.
మాకాడ బంగారం యాడిది?"
తన మాటకు తనే నవ్వుకుంది, పళ్లు లేని నవ్వు.

తెరిచి చూపిద్దామంటే తాళంచెవి క్యూరేటర్ దగ్గర,
క్యూరేటర్ కడపలో.
సాయంత్రం నాలుగున్నర. పడమటి కిటికీ.
ఆమె చెయ్యెత్తి, వేళ్లు దగ్గరికి చేర్చి
ఎండకు అడ్డం పెట్టింది.
వేళ్ల అంచుల వెంట, సందుల్లో,
పగిలిన గోళ్ల చుట్టూ
ఎరుపు.
లక్కది కాదు, పట్టుది కాదు.
"చూడు. ఇదీ తోలే గదా."

ఐదున్నర బస్సు ఎక్కించి వచ్చాను.
పెన్సిలు రాత చెరిపేశాను, మరక మిగిలింది.
గడిలో చోటు చాలక
కార్డు వెనక్కి తిప్పి రాశాను:

తెలుపు, అవతలి నుంచి రావాలి.