మొదటి అచ్చరం

ఫర్వానియాలో ఆగస్టు రాత్రి.
లోపలి ఏసీకి మందుల షాపు అద్దాలు బయటివైపు చెమర్చాయి.
ఎవరో పిల్లవాడు వేలితో కారు బొమ్మ గీసి పోయాడు,
దాని చక్రాలు ఇంకా కారుతున్నాయి.

నా ముందు తెర. తెర మీద ఖాళీ గడి.
ఈ దేశం ఒప్పుకున్న మందులన్నీ దాని వెనకే ఉన్నాయి:
పేరు, లోపలి రసాయనం, ఎన్ని మిల్లీగ్రాములు,
ఎవరు చేశారు, అనుమతి ఎప్పటిదాకా,
డాక్టరు చీటీ కావాలా, అక్కర్లేదా.
రెండక్షరాలు కొడితే చాలు, వరస కడతాయి
తెల్లారుజామున కంపెనీ బస్సు కోసం నిలబడ్డ మనుషుల్లా.
ఒక్కటే పంతం దానికి,
పేరు మొదటినుంచీ చెప్పాలి.
తోక చెబితే పలకదు.

పదకొండు దాటాక ఆమె వచ్చింది.
నల్ల అబాయా అంచున గోధుమపిండి.
వీధిలో ఇంజను ఆపని డ్రైవరు.
"తెలుగోళ్లేనంట గదా నాయనా" అని పిడికిలి విప్పింది.
సగం చిరిగిన రేకు, అందులో ఒక్కటే మాత్ర.
చిరిగింది సరిగ్గా పేరు మీదే.
మిగిలింది "లాల్".
లాల్‌తో ముగిసేవి అరడజను,
అన్నదమ్ములే, కానీ
ఒకడి బదులు ఇంకొకణ్ణి పంపకూడని అన్నదమ్ములు.

"ఏ మందమ్మా?"
"గులాబీ రంగుది."
"దేనికి?"
"గుండె దడదడ కొట్టుకుంటాది. చెయ్యి వణుకుతాది.
ట్రేలో టీ గ్లాసులు గలగలమంటే మామాకు కోపమొస్తాది."

గడిలో రంగుకు చోటు లేదు.
గలగలకు అసలే లేదు.

"మొదటి అక్షరమైనా గుర్తుందా?"
"నాకు ఇంగిలీసు యాడొస్తాది?
మా మనవరాలు చెప్పింది గానీ,
అవ్వా, నీ పేరులో మొదటి అచ్చరమే దీనికీ ఉండాది అని."
"నీ పేరేంది?"
ఆమె కాసేపు ఆలోచించింది.
"ఈడనా, ఆడనా?"

ఆడ, రాజంపేట అవతల, పెంచలమ్మ.
ఈడ బన్షల.
వాళ్ల అక్షరాల్లో ప లేదు, చ లేదు,
ఉన్నవాటితోనే పిలుస్తారు, ఆమె పలుకుతుంది.

ప కొట్టాను. పక్కన ర.
ప్రొప్రనొలాల్ వచ్చి నిలబడింది.
దాని ఎదురుగా అరబ్బీలో అదే మందు,
బ్రోబ్రానోలోల్,
రెండు ప లూ ఎయిర్‌పోర్టులో వదిలేసి వచ్చినట్టు.
చదివి వినిపించాను.
"దీనికీ మార్చినారా!" అని
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

రికార్డు అడుగున ఎర్రగా ఒక వరస: చీటీ ఉంటేనే.
నా వెనక రెండో అరలో ఆ డబ్బాలు ఏడున్నాయి, పొద్దునే లెక్కపెట్టాను.
చెయ్యి చాపితే అందుతాయి.
చాపాను కూడా.
అలవాటుగా అడిగాను, ఆయాసం ఏమన్నా ఉందా అని.
"దుమ్ము లేస్తే పిల్లికూతలు నాయనా, అదెవురికి లేదు ఈ దేశంలో?"

చెయ్యి ఖాళీగా దించుకున్నాను.
ఊపిరి బిగించేస్తుంది ఈ మందు, అలాంటివాళ్లకి.
ఊళ్లో రాసినాయన అడగలేదు, ఈమె చెప్పలేదు.
ఆ ఎర్ర వరసను ఎన్నిసార్లు తిట్టుకున్నానో,
ఈ రాత్రికి మాత్రం తిట్టలేదు.

చీటీ రాశాను. ఇంగ్లీషులో మందు పేరు, అరబ్బీలో ఆయాసం,
ఒక్కసారిగా మానకూడదని కూడా.
తెలుగులో ఆమె పేరు, పెద్దగా.
"రేపే ఆసుపత్రికి పోవాల."
"శుక్రవారం దాంకా ఇడిసిపెట్టరు."
బయటికెళ్లి నా విరిగిన అరబ్బీలో డ్రైవరుకి చెప్పాను.
తలూపాడు. దాన్ని ఏమనుకోవాలో తెలీలేదు.

"ఆ డబ్బాలో నన్ను కొడితే వస్తానా?" అంది.
"మందులకేనమ్మా అది."
"ఓహో" అంది, ధర ఎక్కువ చెప్పిన కూరలవాడితో అన్నట్టు.

హారన్ రెండుసార్లు మోగింది.
ఆమె మాత్రం అద్దానికి భుజం ఆనించి
వీధి దీపం వెలుతురులో చీటీ చూసుకుంటోంది,
పె దగ్గర వేలు పెట్టి.

కారెక్కి పోయాక చూశాను.
అద్దం మీద బొమ్మ ముందు సగం చెరిగిపోయింది.
వెనక చక్రం ఒక్కటే ఉంది.